ఇంటినీ బడినీ కలిపిన ఉస్తాద్ జాకిర్ హుసేన్

డాక్టర్ జాకిర్ హుసేన్ పేరు వినగానే మనలో చాలామందికి స్ఫురించేది రాష్ట్రపతి భవనం. భారతదేశానికి తొలి ముస్లిం రాష్ట్రపతి ఆయనేనని పిల్లల చేత చదివిస్తాం. పోటీ పరీక్షల కోసం ఆయన పుట్టిన తేదీ, మరణించిన తేదీ కంఠస్థం చేయిస్తాం. అయితే ఆ పదవిలో ఆయన ఉన్నది రెండేళ్లకన్నా తక్కువే. అంతకు ఎంతో ముందు, 1926 నుంచి 1948 దాకా, 22 ఏళ్ల పాటు ఆయన ఒక పేద విద్యాసంస్థను నడిపారు. అందులోనూ ఆయన మనసు ఎక్కువగా నిలిచింది చిన్నపిల్లల బడి మీద. ఈ శుక్రవారం మేము చెప్పదలచుకున్నది ఆ జాకిర్ సాహెబ్ గురించే.

ఏటా జూన్ నెల వస్తే మన ఇళ్లలో ఒకటే హడావుడి. ఫీజు కట్టాలి, పుస్తకాలు కొనాలి, యూనిఫారం కుట్టించాలి. ఆ ఖర్చు కాగానే తన బాధ్యత తీరిపోయిందని తండ్రి ఊపిరి పీల్చుకుంటాడు. తర్వాత పిల్లవాడికి చదువు రాకపోతే తప్పు మాస్టారిది. అబద్ధమాడితే తప్పు పక్కింటి పిల్లలది. అటు మాస్టారు కూడా ఇంట్లో పట్టించుకునేవారు లేరని ఒక్క మాటలో తేల్చేస్తారు. నడుమ నలిగిపోయేది ఏడెనిమిదేళ్ల పసివాడు. ఉర్దూలో తాలీమ్ అనే మాట ఒంటరిగా రాదు. దాని వెంటే తర్బియత్ అనే మాట వస్తుంది. తెలుగులో కూడా మన పెద్దలు విద్యాబుద్ధులు అని జంటగానే అన్నారు. విద్య బడి పని, బుద్ధి ఇంటి పని అని పంచుకున్నది మనమే. జాకిర్ సాహెబ్ ఆ పంపకాన్ని ఏనాడూ అంగీకరించలేదు. ఎందుకు అంగీకరించలేదో ఆయన బాల్యం చూస్తే తెలుస్తుంది.

ఆయన 1897 ఫిబ్రవరి 8న మన హైదరాబాద్‌లోనే జన్మించారు. పూర్వీకులు అఫ్రీదీ పఠాన్లు. ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా కాయంగంజ్‌లో స్థిరపడిన కుటుంబం. ఆ వంశంలో సైన్యంలో చేరడం ఆనవాయితీ. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ మాత్రం ఆ దారి వదలి హైదరాబాద్ వచ్చారు. వకీలుగా మంచి పేరు సంపాదించారు. ఆయీనె దక్కన్ అనే న్యాయ పత్రిక నడిపారు. బేగం బజారులో ఇల్లు కట్టుకున్నారు. తల్లి పేరు నాజ్నీన్ బేగం. ఆ దంపతులకు ఏడుగురు కొడుకులు. వారిలో మూడోవారు జాకిర్. ఖుర్ఆన్ పఠనంతో, ఉర్దూ ఫార్సీ అక్షరాలతో ఆయన చదువు ఇంట్లోనే మొదలైంది.

ఆ నిండు సంసారం మీద 1907లో పిడుగు పడింది. నలభై ఏళ్లయినా నిండకుండానే తండ్రి క్షయవ్యాధితో కన్నుమూశారు. అప్పటికి జాకిర్‌కు పదేళ్లు. తల్లి పిల్లలను వెంటబెట్టుకుని కాయంగంజ్ వెళ్లిపోయారు. అక్కడ దగ్గరలో మంచి బడి లేదు. భర్త పోయిన దుఃఖంలో పిల్లలను ఒడిలోనే ఉంచుకోవాలని ఏ తల్లికైనా అనిపిస్తుంది. ఆమె మాత్రం గుండె రాయి చేసుకుని వాళ్లను ఇటావాలోని ఇస్లామియా హైస్కూలుకు పంపి అక్కడి హాస్టల్లో ఉంచారు. 1911లో కాయంగంజ్‌లో ప్లేగు వ్యాపించింది. ఆ మహమ్మారికి నాజ్నీన్ బేగం కూడా బలయ్యారు. పద్నాలుగేళ్లకే జాకిర్ తల్లీ తండ్రీ లేని బిడ్డ అయ్యారు.

యతీమ్ బిడ్డల విషయంలో ఇస్లాం మనల్ని ఎంతగా హెచ్చరించిందో పాఠకులకు తెలియనిది కాదు. దైవప్రవక్త (స) స్వయంగా యతీమ్‌గా పెరిగారు. అలాంటి పిల్లలు దారి తప్పడానికి ఎన్ని అవకాశాలుంటాయో ఊహించవచ్చు. మరి ఈ ఇంటి పిల్లలు ఏమయ్యారు? వీరిలో యూసుఫ్ హుసేన్ ఖాన్ పెద్ద చరిత్రకారుడై మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనే ఆచార్యులుగా పనిచేశారు. చిన్నవాడు మహమూద్ హుసేన్ దేశ విభజన తర్వాత పాకిస్తాన్‌లో విద్యామంత్రి అయ్యారు. ఢాకా, కరాచీ విశ్వవిద్యాలయాలకు ఉపకులపతిగా కూడా పనిచేశారు. తల్లిదండ్రులు లేని ఇల్లు ఇలా నిలబడిందంటే ఆ పిల్లల తెలివితేటలు ఒక్కటే కారణం కాదు. వాళ్లకు దొరికిన బడి వాళ్లకు ఇల్లయింది.

ఇటావా బడి ప్రధానోపాధ్యాయులు సయ్యద్ అల్తాఫ్ హుసేన్. నిరాడంబర జీవి, నియమం తప్పని మనిషి. నమాజ్ వేళలు, నిద్ర లేచే వేళలు, చదువుకునే వేళలు అన్నీ ఆయన కనుసన్నల్లో జరిగేవి. పిల్లలకు ఏది చెబితే దాన్ని ముందు తాను ఆచరించేవారు. జాకిర్ సాహెబ్ పెద్ద పదవులకు వెళ్లాక కూడా ఆయన్ను తలచుకోని రోజులు తక్కువంటారు. మరొకరు హసన్ షా అనే సూఫీ. ఊరూరా తిరిగే ఫకీరు. పుస్తకాలంటే ప్రాణం. కొనే స్తోమత లేక, ఎక్కడైనా మంచి గ్రంథం కనిపిస్తే ఎరువు తెచ్చుకుని నకలు రాయించుకునేవారు. కాయంగంజ్‌కు వచ్చినప్పుడల్లా ఆ పని కుర్రవాడైన జాకిర్‌కు పడేది. ఎండాకాలం సెలవుల్లో కూర్చుని పేజీలకు పేజీలు చేత్తో రాయడం పదమూడు పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఏం సరదా? కానీ ఆ రాతతోనే ఆయనకు పుస్తకం మీద గౌరవం ఏర్పడింది, దస్తూరీ కుదిరింది, ఓర్పు అలవడింది. ఇక్కడ ఒక మాట. మన పిల్లల చుట్టూ కూడా ఇలాంటి పెద్దలుంటారు. మసీదు ఇమామ్ సాహెబ్, మేనమామ, వీధి చివర దర్జీ చాచా. బిడ్డను పెంచేది అమ్మీ అబ్బా ఇద్దరే కాదన్న సంగతి గుర్తుంటే, బడి విడిచాక వాణ్ని సెల్‌ఫోన్‌కు అప్పగించాల్సిన అగత్యం రాదు.

అలీగఢ్ కాలేజీ రోజుల్ని క్లుప్తంగా చెప్పుకుందాం. డాక్టరు కావాలని లక్నోలో సైన్సు చదువుకు చేరారు, జబ్బు చేసి వదిలేశారు. తిరిగి అలీగఢ్ వచ్చి 1918లో బి.ఏ. పూర్తి చేశారు. మాటకారి. తోటివాళ్లు ముర్షిద్ అని పిలిచేవారు. 1915లోనే షాజహాన్ బేగంతో నికాహ్ జరిగింది. 1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి ప్రభుత్వ సహాయంతో నడిచే చదువులను వదలమని పిలుపునిచ్చారు. జాకిర్ అప్పటికి అక్కడ చదువుకుంటూనే పాఠాలూ చెబుతున్నారు. ముందున్న సుఖమైన ఉద్యోగ జీవితాన్ని కాదనుకుని బయటికి వచ్చినవారిలో ఆయన ఒకరు. 1920 అక్టోబర్ 29న షేఖుల్ హింద్ మౌలానా మహమూద్ హసన్ చేతుల మీదుగా జామియా మిల్లియా ఇస్లామియాకు ప్రారంభోత్సవం జరిగింది. మాల్టా చెర నుంచి విడుదలై వచ్చి, వ్యాధితో కృశించి ఉన్న ఆ మహనీయుడు మరుసటి నెలలోనే పరమపదించారు. ఒక దేవ్‌బంద్ ఆలిమ్, అలీగఢ్ ఇంగ్లీషు చదువుల కుర్రవాళ్లు కలిసి నాటిన మొక్క అది. దీన్ చదువు, దున్యా చదువు అని ఈనాటికీ రెండు పక్షాలుగా వాదించుకునే మనవాళ్లు ఈ సంగతి మరువకూడదు.

1922లో ఉన్నత విద్యకు జర్మనీ వెళ్లారు. బెర్లిన్‌లో ఆర్థికశాస్త్రంలో పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. కానీ అక్కడ ఆయన కళ్లు బడుల మీద పడ్డాయి. కెర్షెన్‌స్టైనర్ అనే జర్మన్ విద్యావేత్త, పిల్లవాడు చేతులతో పని చేస్తూ నేర్చుకున్నదే నిజంగా వంటబడుతుందని బోధిస్తున్న కాలం. ఆ ఆలోచన జాకిర్ సాహెబ్‌కు బాగా పట్టింది. పని అంటే ఆయనకు చిన్నతనం లేదు. బెర్లిన్‌లోని కావియానీ ముద్రణాలయంలో దీవానె గాలిబ్‌ను అందంగా అచ్చువేయించినప్పుడు తానే కూర్చుని అచ్చు అక్షరాలు పేర్చారు. అక్కడుండగానే జామియాను డబ్బు లేక మూసివేయబోతున్నారన్న వార్త వచ్చింది. ముహమ్మద్ ముజీబ్, ఆబిద్ హుసేన్ అనే ఇద్దరు మిత్రులతో కలిసి, మూయవద్దు, మేం వస్తున్నాం అన్న భరోసా పంపారు. 1926లో ముగ్గురూ వచ్చారు. 29 ఏళ్ల జాకిర్ హుసేన్ షేఖుల్ జామియా, అంటే ఉపకులపతి అయ్యారు.

ఏం ఉపకులపతి పదవి అది! ఢిల్లీ కరోల్‌బాగ్‌లో అద్దె ఇళ్లలో బడి. అప్పులు. 1927 డిసెంబరులో ఆదుకునే దిక్కయిన హకీమ్ అజ్మల్ ఖాన్ కూడా పరలోకగతులయ్యారు. అప్పుడు జాకిర్ సాహెబ్, ఆయన సహోపాధ్యాయులు ఒక సంఘంగా ఏర్పడి, 20 ఏళ్ల పాటు నెలకు 150 రూపాయలకు మించని జీతంతో జామియాకు సేవ చేస్తామని ప్రతిజ్ఞ పట్టారు. ఆ కొద్దిపాటి జీతమైనా సక్రమంగా అందేది కాదు. జర్మనీలో డాక్టరేటు చేసివచ్చిన మనిషి ఇంట్లో షాజహాన్ బేగం ఎలా నెట్టుకొచ్చారో ఆ తల్లికే తెలియాలి. జీవిత చరిత్రలు భర్తల త్యాగాలను వివరంగా రాస్తాయి, భార్యలకు ఒక వాక్యం కేటాయిస్తాయి.

ఇంతటి ఇబ్బందుల్లో ఉన్న సంస్థాధిపతి ఏం చేయాలి? పై తరగతులను పెంచి పేరు సంపాదించాలి. జాకిర్ సాహెబ్ మాత్రం ప్రాథమిక పాఠశాల మీద దృష్టి పెట్టారు. అబ్దుల్ గఫ్ఫార్ ముధోలీ అనే ఉపాధ్యాయుడు ఆ బడికి ప్రాణం పోశారు. అక్కడ లెక్కలు పలక మీదనే కాదు, పిల్లలే నడిపే చిన్న దుకాణంలోనూ నేర్చుకునేవారు. పిల్లల బ్యాంకు ఉండేది, అందులో పిల్లలే పైసలు దాచుకునేవారు, పిల్లలే ఖాతా రాసేవారు. తోటపని ఉండేది. తమలో తామే బాధ్యతలు పంచుకుని బడి పనులు చూసుకునేవారు. తూకంలో మోసం చేయకూడదని వందసార్లు వల్లె వేయించడం ఒకటి, తక్కెడ చేతికిచ్చి తోటి పిల్లవాడికి తూచి ఇమ్మనడం మరొకటి. నీతి అలవాటుగా మారేది రెండో దారిలోనే.

1930ల తొలినాళ్లలో బెర్లిన్ నుంచి గెర్డా ఫిలిప్స్‌బార్న్ అనే యూదు మహిళ జామియాకు వచ్చారు. జాకిర్ సాహెబ్‌కు జర్మనీలో పరిచయమైన విద్యావంతురాలు. ఆమె చిన్నపిల్లల తరగతులను, హాస్టల్లో పసివాళ్ల ఆలనాపాలనను చూసుకున్నారు. పిల్లలంతా ఆపాజాన్ అని పిలిచేవారు. ఇల్లు విడిచి వచ్చిన ఆరేడేళ్ల పిల్లలకు అక్షరాల కన్నా ముందు కావలసింది తల నిమిరే చెయ్యి అని ఆ బడి గుర్తించింది. యుద్ధకాలంలో జర్మన్ దేశస్థురాలన్న కారణంగా ఆంగ్ల ప్రభుత్వం ఆమెను నిర్బంధంలో ఉంచింది. విడుదలై మళ్లీ పిల్లల దగ్గరికే వచ్చారు. 1943లో జామియాలోనే మరణించారు, అక్కడి ఖబ్రస్తాన్‌లోనే ఆమెను ఖననం చేశారు.

ఇక క్రమశిక్షణ సంగతి. మదరసాలో చదివి, జీవితమంతా పిల్లలకు పాఠాలు చెప్పిన మాకు బెత్తం కథ తెలియనిది కాదు. బెత్తం భయంతో పాఠం అప్పజెప్పిన పిల్లవాడు బెత్తం కనబడనప్పుడు పుస్తకం కూడా ముట్టడు. జామియా గురించి ఎందరో చెప్పుకునే ఒక సంఘటన ఉంది. విద్యార్థులు శుభ్రమైన దుస్తులతో, పాలిష్ చేసిన బూట్లతో రావాలని జాకిర్ సాహెబ్ చెప్పారు. ఎవరూ చెవిన పెట్టలేదు. ఒకరోజు ఉదయం పిల్లలు వచ్చేసరికి గేటు దగ్గర బ్రష్షు, పాలిష్ డబ్బా పెట్టుకుని సాక్షాత్తు ఉపకులపతి కూర్చుని ఉన్నారు. మాసిన బూట్లతో వచ్చినవారిని పిలిచి, బూట్లు తీసుకుని తానే పాలిష్ చేయసాగారు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. మర్నాటి నుంచి ఒక్క బూటు కూడా మాసిపోయి కనిపించలేదట. ఇది ఇంట్లో కూడా చేయదగిన పనే. నమాజుకు లేవమని కొడుకును అరిచే తండ్రి తాను దుప్పటి కప్పుకుని పడుకుంటే ఆ అరుపు ఎంత దూరం పోతుంది?

జామియా వ్యవస్థాపక దినం సందర్భంగా తాలీమీ మేళా జరిగేది. పిల్లలు తాము చేసినవన్నీ ప్రదర్శనకు పెట్టేవారు, నాటకాలు వేసేవారు. తల్లిదండ్రులు, ఊరివాళ్లు వచ్చి చూసేవారు. తన బిడ్డ చేత్తో చేసిన వస్తువును తండ్రి నలుగురి ముందు చేతిలోకి తీసుకుని చూడటం ఆ బిడ్డకు ఎంత బలమో చెప్పలేం. అంతటితో ఆగలేదు. ఇంట్లో పెద్దలకు అక్షరం రాకపోతే పిల్లల చదువు కుంటుపడుతుందని గ్రహించి, షఫీఖుర్ రహ్మాన్ కిద్వాయీ నాయకత్వంలో 1938లో వయోజనుల కోసం తాలీమ్ ఓ తరఖ్ఖీ అనే విభాగాన్ని కూడా ప్రారంభించారు.

జాకిర్ సాహెబ్ ప్రసంగాలు తాలీమీ ఖుత్బాత్ పేరిట పుస్తకంగా వచ్చాయి. మంచి ఉపాధ్యాయుడిలో ముందు ఉండవలసింది పాండిత్యం కాదు, పిల్లల మీద ప్రేమ అని ఆయన అభిప్రాయం. లోకమంతా ఒక బిడ్డను పనికిరాడని వదిలేసినా, ఇద్దరు మాత్రం వాడి మీద ఆశ వదులుకోరని ఆయన నమ్మకం. ఒకరు కన్నతల్లి, మరొకరు మంచి ఉపాధ్యాయుడు. మరి ఆశ మిగిలిన ఆ ఇద్దరూ ఏడాదికి ఒకసారైనా ఎదురెదురుగా కూర్చుని ఆ బిడ్డ గురించి మాట్లాడుకోకపోతే ఎలా? మన తల్లులు చాలామంది బడికి వెళ్లడానికి జంకుతారు. తమకు ఇంగ్లీషు రాదని, టీచరమ్మ ఏమనుకుంటుందోనని. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి పంపడంతో సరిపెడతారు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. కమిటీ మొత్తంలో సగం మంది స్త్రీలుండాలి. పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని అదే చట్టం నిషేధించింది. అడిగే హక్కు ఉన్నా అడగడానికి వెళ్లనివారు మన బస్తీల్లో ఎందరో.

1935 మార్చి 1న ఢిల్లీ వెలుపల ఓఖ్లాలో జామియా కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. ఇలాంటి వేళ నవాబులనో, నాయకులనో పిలవడం రివాజు. జాకిర్ సాహెబ్ ఆ పునాదిరాయిని బడిలో అందరికన్నా చిన్న విద్యార్థి చేత వేయించారు.

ఆయన జీవితంలో మరొక సంఘటన ఉంది. చెప్పాలంటే మనసు బరువెక్కుతుంది. ప్రాథమిక పాఠశాలలో పిల్లల వేడుక జరుగుతోంది. జాకిర్ సాహెబ్ తన చేత్తో పిల్లలకు మిఠాయి పంచుతున్నారు. ఇంట్లో ఆయన చిన్నారి కూతురు రైహానా జబ్బుగా ఉంది. బంట్రోతు వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన పంచుతూనే ఉన్నారు. కొద్దిసేపటికి మళ్లీ వచ్చి, బిడ్డ పోయిందని చెప్పాడు. ఆయన ముఖం పాలిపోయింది గానీ చెయ్యి ఆగలేదు. ఆఖరి పిల్లవాడి దాకా మిఠాయి అందాకే ఇంటికి నడిచారు. తోటివారు తర్వాత అడిగితే, అంత సంతోషంగా ఉన్న పిల్లల ఆనందాన్ని మధ్యలో భంగపరచబుద్ధి కాలేదని చెప్పారట. ఆ తర్వాత చాలా రోజులు తెల్లవారి చూస్తే ఆయన తలగడ కన్నీటితో తడిసి ఉండేదని భార్య చెప్పినట్లు జీవిత చరిత్రకారులు రాశారు. కన్నబిడ్డ పోతే పరుగెత్తవద్దా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్న తప్పని మేము అనము. ఇంట్లో తల్లి ఒంటరిగా ఆ శవం పక్కన కూర్చుని ఉంది కదా. కానీ ఆ తండ్రి ఎదుట ఆ క్షణంలో ఉన్నది కూడా పిల్లలే. ఆ తలగడ సంగతి తెలిశాక ఆయనది రాతిగుండె అనడానికి మాత్రం నోరు రాదు.

ఆ చిన్నారి పేరుతోనే, రుఖయ్యా రైహానా అన్న కలంపేరుతో, ఆయన పిల్లలకు కథలు రాశారు. జామియా నుంచి వెలువడే పయామె తాలీమ్ అనే బాలల పత్రికలో అవి వచ్చేవి. వాటిలో ఉర్దూ చదివిన ప్రతి ఇంటికీ తెలిసిన కథ అబ్బూ ఖాన్ మేక. మూలం ఒక ఫ్రెంచి రచయితది. జాకిర్ సాహెబ్ దాన్ని అల్మోడా కొండల్లోకి తెచ్చి పూర్తిగా మన కథ చేశారు. అబ్బూ ఖాన్ అనే ముసలాయన మేకలను ప్రాణంగా పెంచుతాడు. అవేమో తాడు తెంపుకుని కొండల్లోకి పారిపోయి తోడేలు వాత పడుతుంటాయి. చాంద్‌నీ అనే అందమైన మేక కూడా అలాగే వెళ్లిపోతుంది. రాత్రంతా తోడేలుతో కొమ్ములొడ్డి పోరాడుతుంది. తెల్లవారే వేళకు నేలకొరుగుతుంది. చెట్టు మీది పక్షులు గెలుపు ఎవరిదని వాదించుకుంటే, అన్నీ తోడేలుదే అంటాయి. ఒక్క ముసలి పక్షి మాత్రం చాంద్‌నీదే గెలుపంటుంది. ఆనాటి స్వాతంత్ర్య పోరాటం అందులో ఉందని పెద్దలు చెబుతారు. నిజమే. మాకు మాత్రం అబ్బూ ఖాన్ కూడా గుర్తుంటాడు. ప్రేమ ఉంది, మేత ఉంది, గట్టి తాడు కూడా ఉంది. మేకకు ఏం కావాలో మాత్రం ఆయనకు ఎంత చెప్పినా అర్థం కాదు. ఈ కథను పిల్లలకు చదివి వినిపించే తండ్రులు ఆ ముసలాయన దగ్గర కాస్త ఆగాలి.

1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యావేత్తల సమావేశం ఏర్పాటు చేశారు. చేతివృత్తి ద్వారా చదువు నేర్పాలని, పిల్లల పని మీద వచ్చే ఆదాయంతో బడి ఖర్చు గడవాలని గాంధీజీ ప్రతిపాదన. అందరూ తలూపే చోట జాకిర్ సాహెబ్ లేచి, ఆదాయం మీద దృష్టి పెడితే ఉపాధ్యాయులు పిల్లల చేత గొడ్డుచాకిరీ చేయించే ప్రమాదముందని కుండబద్దలు కొట్టారు. గాంధీజీ ఆయన్నే ఆ పథకాన్ని రూపొందించే సంఘానికి అధ్యక్షుడిని చేశారు. 7 నుంచి 14 ఏళ్ల వరకు ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, చేతిపనితో ముడిపడిన పాఠాలు ఆ నివేదికలోని ముఖ్యాంశాలు.

ఆ పథకాన్ని ముస్లిం లీగ్ తీవ్రంగా విమర్శించింది. అందులో మతబోధనకు చోటు లేదన్నది ప్రధాన అభ్యంతరం. ఈ అభ్యంతరాన్ని కేవలం రాజకీయమని కొట్టిపారేయడం మాకు సమ్మతం కాదు. బిడ్డకు దీన్ ఎవరు నేర్పుతారన్న భయం నిజమైనదే, ఆనాడూ ఈనాడూ. అయితే జామియాలో ఇస్లామీయ విద్య, నమాజ్ మొదటి నుంచీ ఉన్నాయన్నదీ వాస్తవమే. సర్కారు బడి అన్ని మతాల పిల్లలది. అక్కడ దొరకనిదాన్ని ఇల్లు, మసీదు అందించాలి. ఉదయమో, మగ్రిబ్ తర్వాతో అరగంట బిడ్డ పక్కన కూర్చునే తీరిక లేనివారు బడి మీద నింద వేయడం న్యాయమేనా? మాతృభాష విషయం ఇంకా చిక్కు. మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మోస్తున్నారు. కొన్ని ఇళ్లలో తెలుగే ఇంటిభాష. ఏ భాష అయితేనేం, బడిలో ఇవాళ ఏం జరిగింది, ఎవరితో కూర్చున్నావు, ఎందుకు ఏడ్చావు అని అడగడానికి ఏ తల్లికీ ఇంగ్లీషు అవసరం లేదు. బిడ్డ ఆ కబుర్లు చెప్పే భాషే వాడి చదువుకు పునాది.

1946 నవంబరులో జామియా రజతోత్సవాలు జరిగాయి. దేశం మత కలహాలతో మండిపోతున్న సమయం. నెహ్రూ, ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ ఒకే వేదిక మీద కూర్చున్నారు. ఈ నిప్పు ఎవరు పెట్టారని వెతికే వేళ కాదు, ముందు ఆర్పండని జాకిర్ సాహెబ్ వారిని చేతులెత్తి వేడుకున్నారు. నిప్పు ఆరలేదు. 1947 ఆగస్టులో ఆయన కాశ్మీర్ వెళ్తుండగా జలంధర్ స్టేషన్లో అల్లరిమూక చేతిలో ప్రాణం పోవలసింది. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి కాపాడారు. కరోల్‌బాగ్‌లోని జామియా పుస్తకాల గిడ్డంగి దగ్ధమైంది. అదే రోజుల్లో జామియా ఉపాధ్యాయులు, విద్యార్థులు శరణార్థి శిబిరాలలో సేవ చేశారు.

తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే. 1948 నుంచి 1956 దాకా అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ ఉపకులపతి. 1957లో బీహార్ గవర్నరు. 1962లో ఉపరాష్ట్రపతి. 1963లో భారతరత్న. 1967 మే 13న రాష్ట్రపతి. బేగం బజారులో ఆడుకున్న పిల్లవాడు దేశాధినేత కావడం మన హైదరాబాద్‌కు గర్వకారణం. 1969 మే 3న పదవిలో ఉండగానే ఆయన గుండె ఆగిపోయింది. ఆయన జనాజాను ఓఖ్లాకు, జామియాకు తీసుకొచ్చారు. 34 ఏళ్ల క్రితం బడిలోని అందరికన్నా చిన్న పిల్లవాడు పునాదిరాయి వేసిన ఆ జామియా నేలలోనే ఖననం చేశారు. అల్లాహ్ ఆయన సమాధిని వెలుగుతో నింపుగాక! ఆమీన్.